ముఖానికి రాసుకునే క్రీములో కాస్టిక్ సోడా ఎందుకు?

మల్లెమొగ్గ27

మూడు వారాలుగా ఒక కొత్త క్రీము వాడుతున్నాను. రాసుకున్న వెంటనే చెంపల మీద చురుక్కుమంటోంది. నిన్న రాత్రి డబ్బా వెనక్కి తిప్పి పదార్థాల జాబితా మొత్తం చదివాను. చివరి నుంచి మూడో పేరు సోడియం హైడ్రాక్సైడ్. అంటే కాస్టిక్ సోడాయే కదా! మురుగు గొట్టాలు పూడుకుపోతే పోసేది, చేతికి తగిలితే బొబ్బలెక్కించేది. దాన్ని ముఖానికి రాసే క్రీములో కలపడానికి మనసు ఎలా ఒప్పింది? తయారీదారుకు రాస్తే "అది పీహెచ్ సర్దుబాటు కోసం, సురక్షితం" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఏమి సర్దుతున్నారు, ఎందుకు, ఎంతకు సర్దారు, ఏదీ చెప్పలేదు. తెలిసినవాళ్లు ఉంటే చెప్పండి. డబ్బా పారేయడానికి సిద్ధంగా ఉన్నాను.

ఎర్రమందారం

మీరు చెప్పాక నేనూ చూశాను. షాంపూలో ఉంది, సన్‌స్క్రీన్‌లో ఉంది, చివరికి కళ్లకింద రాసే జెల్‌లోనూ ఉంది. నాకు భయం పట్టుకుంది.

తూనికరాయి

పారేయకండి, కాస్త ఆగండి. ఒక పదార్థం పేరు జాబితాలో ఉండటం వేరు, అది అదే రూపంలో డబ్బాలో ఉండటం వేరు.

కలశం

పన్నెండేళ్లుగా క్రీములు, జెల్లులు తయారుచేసే ప్రయోగశాలలో పనిచేస్తున్నాను కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

మల్లెమొగ్గ గారూ, మీ జాబితాలో కార్బొమర్ అనే పేరు ఉందేమో చూడండి. ఉంటే సగం జవాబు అక్కడే ఉంది. కార్బొమర్ తెల్లటి పొడి. నీళ్లలో కలిపితే పీహెచ్ 3 దగ్గరికి దిగుతుంది, ద్రావణం పలచగా జారిపోతుంది. (పీహెచ్ అంటే ఆమ్లమో క్షారమో చెప్పే అంకె: 7 తటస్థం, అంతకన్నా తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం.) అందులో కాస్టిక్ సోడా ద్రావణాన్ని కొద్దికొద్దిగా వేస్తూ కలిపితే కళ్లముందే చిక్కబడి జెల్ అవుతుంది. ముడుచుకుని ఉన్న కార్బొమర్ అణువుల గొలుసుల మీది ఆమ్ల సమూహాలు క్షారంతో కలిసి రుణావేశం పొందుతాయి. ఒకే ఆవేశం ఉన్నవి ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి కాబట్టి గొలుసులు విచ్చుకుని నీటిని పట్టి నిలబెడతాయి. ఎన్ని వందలసార్లు చూసినా ఆ క్షణం నాకు ముచ్చటగానే ఉంటుంది.

ఆ పనిలో కాస్టిక్ సోడా ఖర్చయిపోతుంది. మిగిలేవి కార్బొమర్ సోడియం లవణం, నీళ్లు. కార్బొమర్ లేకపోతే స్టియరిక్ ఆమ్లం ఉండవచ్చు; దానితో కలిస్తే సోడియం స్టియరేట్ ఏర్పడి నూనెను, నీటిని కలిపి ఉంచుతుంది. సిట్రిక్ ఆమ్లం ఉంటే సోడియం సిట్రేట్ అవుతుంది. కలిపినవాటి పేర్లే జాబితాలో రాస్తారు కాబట్టి సోడియం హైడ్రాక్సైడ్ అని కనిపిస్తుంది.

తూనికరాయి

కలశం గారు చెప్పినదానికి ఒక లెక్క. పీహెచ్ 7 ఉన్న స్వచ్ఛమైన నీటిలో కూడా, కాస్టిక్ సోడాకు ఆ ఘాటునిచ్చే హైడ్రాక్సైడ్ అయాన్లు ఉంటాయి. పీహెచ్ 5.5 ఉన్న క్రీములోని నీటిలో అవి దానికన్నా దాదాపు ముప్పై రెట్లు తక్కువ. కాస్టిక్ సోడాగా లెక్కగట్టినా లీటరుకు ఒక మైక్రోగ్రాము కూడా తేలదు. మిమ్మల్ని భయపెట్టిన భాగం స్వచ్ఛమైన నీళ్లలోనే ఎక్కువగా ఉందన్నమాట.

పీహెచ్ కొలమానంలో ఒక్క అంకె తేడా అంటే పది రెట్లు. ఉదాహరణకు 9కి, 5.5కి తేడా మూడున్నర అంకెలే కదా అనిపిస్తుంది, నిజానికి మూడు వేల రెట్లకు పైమాటే. ఈ కొలమానాన్ని 1909లో సోరెన్‌సెన్ అనే డెన్మార్క్ శాస్త్రవేత్త ప్రవేశపెట్టారు. ఆయన పనిచేసింది కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో.

ఆకుపచ్చదారి

ఇంత లెక్క చెప్పి ఒప్పించాల్సి వస్తోందంటేనే ఎక్కడో తేడా ఉందని నా అభిప్రాయం. పుల్లగా ఉండే పొడి వేయడం ఎందుకు, దాన్ని సరిచేయడానికి క్షారం వేయడం ఎందుకు? నేను ఏడేళ్లుగా ముఖానికి నిమ్మరసం, తలకు వంటసోడా తప్ప ఏదీ వాడటం లేదు. నాకు ఏ సర్దుబాటూ అవసరం రాలేదు.

తూనికరాయి

నిమ్మరసం పీహెచ్ 2 నుంచి 2.5 మధ్య. వంటసోడా నీళ్లది 8 పైన. ఆ రెండూ పీహెచ్ సర్దేవే, కొలిచేవారు లేరు, అంతే.

చర్మపాఠం

ఆకుపచ్చదారి గారూ, నిమ్మరసం దయచేసి మానండి. పుల్లదనం ఒక్కటే సమస్య కాదు. నిమ్మజాతి కాయల్లో, ముఖ్యంగా తొక్కలో, ఫ్యూరోకౌమరిన్లు అనే పదార్థాలు ఉంటాయి. అవి అంటిన చర్మం మీద ఎండ పడితే కాలినట్టు ఎర్రబడి, బొబ్బలు వచ్చి, నల్లటి మచ్చలు నెలల తరబడి నిలిచిపోవచ్చు. నేను చర్మవైద్యం చదువుతున్నాను. అలాంటి మచ్చలతో వచ్చినవారిని చూశాను, చాలా బాధపడతారు.

మిగతావారి కోసం: ఆరోగ్యంగా ఉన్న చర్మం పైపొర పీహెచ్ సాధారణంగా 4 నుంచి 6 మధ్య ఉంటుంది. 1928లో షాడె, మార్కియోనిని అనే ఇద్దరు దీనికి ఆమ్ల కవచం అని పేరు పెట్టారు. చెమటలోని లాక్టిక్ ఆమ్లం, ఫిలాగ్రిన్ అనే ప్రోటీను విడిపోయినప్పుడు వచ్చే ఆమ్లాలు, కొవ్వు ఆమ్లాలు కలిసి ఈ పుల్లదనాన్ని నిలబెడతాయి. ఇది అలంకారం కాదు. చర్మకణాల మధ్య సిరమైడ్లు అనే కొవ్వులను తయారుచేసే ఎంజైములు పుల్లటి వాతావరణంలోనే బాగా పనిచేస్తాయి. పీహెచ్ పెరిగితే అవి నెమ్మదిస్తాయి, కణాల మధ్య బంధాలను తెంచే వేరే ఎంజైములు చురుకవుతాయి. కట్టేవాళ్లు చేతులు ముడుచుకుని, కూల్చేవాళ్లు పనిలోకి దిగినట్టు. ఆ తరువాత ఏది రాసినా మండుతుంది.

మల్లెమొగ్గ గారూ, ఒక ప్రశ్న. ముఖం దేనితో కడుక్కుంటున్నారు?

మల్లెమొగ్గ27

మామూలు స్నానపు సబ్బుతోనే. రోజుకు మూడుసార్లు. జాబితాలో కార్బొమర్ ఉంది, కలశం గారూ.

సబ్బులగంప

సబ్బు మాట వచ్చింది కాబట్టి నేను మాట్లాడాలి. నేను ఇంట్లో సబ్బులు చేస్తాను. కాస్టిక్ సోడా లేకుండా గట్టి సబ్బు లేదు. "క్షారం కలపని సహజ సబ్బు" అని అమ్మేవాళ్లు తయారైన సబ్బు ముద్దను కొని కరిగించి పోస్తున్నారు, ఆ ముద్దలోకి క్షారం ముందే వెళ్లింది. నూనెతో కలిసి అది సబ్బుగా, గ్లిసరిన్‌గా మారిపోతుంది. నూనె కాస్త ఎక్కువ వేసి, క్షారం మిగలకుండా లెక్క చూసుకుంటాం. మా మేనకోడలు సబ్బును కాస్టిక్ సోడా మనవరాలు అంటుంది. తాతగారి కోపం మనవరాలికి రాలేదట.

కానీ ఒక నిజం ఒప్పుకోవాలి. క్షారం ఒక్క కణం మిగలకపోయినా సబ్బు పీహెచ్ 9, 10 మధ్యే ఉంటుంది. అది సబ్బు స్వభావం. తగ్గిద్దామని ఆమ్లం పోస్తే సబ్బే విరిగి కొవ్వు ఆమ్లాలుగా తేలిపోతుంది. మొదట్లో ఒక ముద్ద మొత్తం అలాగే పాడుచేసుకున్నాను. 5.5 పీహెచ్ కావాలంటే అది సబ్బు కాదు, సబ్బు ఆకారంలో ఉన్న వేరే శుభ్రకారి.

ఎర్రమందారం

అయితే మల్లెమొగ్గ గారి చెంపలు మండేది క్రీములోని కాస్టిక్ సోడా వల్ల కాదు, దాని మనవరాలి వల్ల అన్నమాట!

చర్మపాఠం

అప్పుడే తీర్పు వద్దు. సబ్బుతో కడిగాక పెరిగిన పీహెచ్‌ను ఆరోగ్యంగా ఉన్న చర్మం కొన్ని గంటల్లో దించుకుంటుంది. రోజుకు మూడుసార్లు కడిగితే ఆ వ్యవధి దొరకదు. అనుమానించదగ్గ కారణమే, కానీ అదొక్కటే అని ఇక్కడ కూర్చుని చెప్పలేం.

వానచినుకు

మీరందరూ కాస్టిక్ సోడాను మంచిదాన్ని చేసేస్తున్నారు. నా అనుభవం వినండి. రెండేళ్ల క్రితం ఒక క్షౌరశాలలో జుట్టు నిటారుగా చేయించుకున్నాను. మందు పెట్టి వేరే పనికి వెళ్లిపోయారు. తల మండుతోందని రెండుసార్లు చెప్పాను, "కాస్త ఓర్చుకోండి" అన్నారు. చెవి వెనక, మాడు మీద పుండ్లు పడ్డాయి. నాలుగు వారాలు దువ్వెన పెట్టలేకపోయాను. ఆ డబ్బా మీద ఉన్నదీ ఇదే పేరు, సోడియం హైడ్రాక్సైడ్. దీనికేమంటారు?

కలశం

వానచినుకు గారూ, మీకు జరిగింది నిర్లక్ష్యం, అందులో రెండో మాట లేదు. మండుతోందని చెప్పిన క్షణంలోనే కడిగేయాల్సింది.

మీరు చెప్పిన చోట అది సర్దుబాటు కోసం లేదు, అసలు పనే దానిది. జుట్టులోని గంధకపు బంధాలను తెంచడానికి క్షారాన్ని ఖర్చు కాకుండా ఉంచుతారు. పీహెచ్ 12 దాటుతుంది. అందుకే ఐరోపా సమాఖ్య నిబంధనల్లో ఒకే పదార్థానికి వేర్వేరు హద్దులు ఉన్నాయి. జుట్టు నిటారుగా చేసేవాటిలో సాధారణ వాడకానికి 2 శాతం, వృత్తి నిపుణులు వాడేవాటిలో 4.5 శాతం. రోమాలు తొలగించే క్రీముల్లో పీహెచ్ సర్దడానికి వాడితే ఆ పీహెచ్ 12.7 వరకు. మిగతావాటిలో పీహెచ్ సర్దడానికైతే అది 11 మించకూడదు. ముఖానికి రాసే క్రీము తయారుచేసేవారు 11 దగ్గరికి వెళ్లరు, ఐదు ఆరు మధ్యే ఆపుతారు.

వానచినుకు

ఈ తేడా ఆ రోజు ఆ కుర్చీలో కూర్చోబెట్టినవాళ్లు చెప్పి ఉండాల్సింది. ఇప్పుడైనా తెలిసింది.

నిక్కచ్చి

కాస్టిక్ సోడా గురించి ఒప్పుకుంటాను. కానీ పీహెచ్ సర్దేవన్నీ ఒకే గాటన కట్టకండి. ట్రైఇథనోలమైన్ సంగతి ఎవరూ ఎత్తరేం? అది నైట్రోసమైన్లకు దారి తీస్తుంది, వాటిలో చాలావరకు క్యాన్సర్ కలిగించే స్వభావం ఉన్నవి. నా ఇంట్లోకి ఆ పేరున్న డబ్బా రానివ్వను.

కలశం

ట్రైఇథనోలమైన్ నేరుగా సులువుగా నైట్రోసమైన్ కాదు. దాని వెంట మలినంగా వచ్చే డైఇథనోలమైన్‌తోనే అసలు చిక్కు. దానికి నైట్రైట్ లాంటిది తోడైతేనే చర్య జరుగుతుంది. అందుకే ఐరోపా నిబంధనలు చాలా పట్టుగా ఉన్నాయి: రాసి వదిలేసే ఉత్పత్తుల్లో 2.5 శాతం దాటకూడదు, కనీసం 99 శాతం స్వచ్ఛత ఉండాలి, నైట్రోసమైన్లు కిలోకు 50 మైక్రోగ్రాములు మించకూడదు, నైట్రోసమైన్లను పుట్టించే పదార్థాలతో కలిపి వాడకూడదు. డైఇథనోలమైన్‌ను నేరుగా కలపడం ఐరోపాలో నిషేధం.

నిక్కచ్చి

నిబంధనలు పుస్తకంలో ఉంటాయి. డబ్బాలో ఏముందో నాకెవరు చూపిస్తారు? ట్రైఇథనోలమైన్, బ్రోనోపాల్ అనే నిల్వకారకం రెండూ ఉన్న లోషన్ నా చేతిలోనే ఉండేది. బ్రోనోపాల్ విడిపోతూ నైట్రైట్ వదులుతుందని మీకు తెలియనిది కాదు.

కలశం

తెలుసు. ఆ జంట కలిసి ఉండకూడదు. మీరు దాన్ని పక్కన పెట్టడం సరైన పనే. నేను దాదాపు ఆరేళ్లుగా ట్రైఇథనోలమైన్ వాడటం మానేశాను. ప్రమాదమని కాదు, అదే పని కాస్టిక్ సోడాతో తక్కువ పరిమాణంలో అయిపోతుంది, పైగా మలినాల బెంగ ఉండదు. అదే పనికి ఆర్జినిన్, ట్రోమెథమైన్ కూడా ఉన్నాయి. ఒక్కటి మాత్రం గమనించండి: పేరు వింటే వణుకు పుట్టించే కాస్టిక్ సోడా ఇక్కడ తేలికైన దారి, మెత్తగా వినిపించే ట్రైఇథనోలమైన్‌కే ఎక్కువ కాపలా కావాలి.

నిక్కచ్చి

ఈ మాట నచ్చింది. నేను అడిగిందీ అదే.

చిలకపలుకు

మా పాపకు ఎనిమిది నెలలు. "కళ్లు మండని షాంపూ" పీహెచ్ 7 దగ్గర ఉందని చదివాను. చర్మానికి 5.5 మంచిదంటున్నారు. ఏది నిజం?

చర్మపాఠం

రెండూ నిజమే. కన్నీళ్ల పీహెచ్ 7.4 దగ్గర, కాబట్టి తటస్థంగా ఉన్నది కంట్లో పడితే తక్కువ మంట. పుట్టినప్పుడు పాపాయి చర్మం కూడా దాదాపు తటస్థంగానే ఉంటుంది, తరువాతి వారాల్లో పుల్లబడుతుంది. పోసి వెంటనే కడిగేసే షాంపూతో పెద్ద చిక్కు లేదు. కొద్దిగా వాడండి, బాగా కడగండి. ఒళ్లంతా రాసి వదిలేసే లోషన్ అయితే మాత్రం పుల్లటి వైపు ఉన్నదాన్ని ఎంచుకోండి.

గోరువెచ్చన

పీహెచ్ సర్దకపోతే ఏమవుతుందో నేను చూశాను. ఇంట్లో కలబంద జెల్ చేశాను. బూజు రాకుండా సోడియం బెంజోయేట్ వేయమన్నారు, వేశాను. పదో రోజుకు నల్లటి చుక్కలు. ఇంకొంచెం వేశాను, మళ్లీ వచ్చాయి. అప్పుడు పీహెచ్ చూస్తే 7!

తూనికరాయి

సోడియం బెంజోయేట్ నుంచి వచ్చే బెంజోయిక్ ఆమ్లం విడిపోని రూపంలో ఉంటేనే సూక్ష్మజీవి లోపలికి దూరి పనిచేస్తుంది. పీహెచ్ 4.2 దగ్గర సగం ఆ రూపంలో ఉంటుంది. 5.2కి తొమ్మిది శాతానికి పడిపోతుంది. 7 దగ్గర వెయ్యికి ఒకటో రెండో పాళ్లు. మీరు వేసినదంతా నిద్రపోతూ ఉంది. రెండు రెట్లు వేసినా నిద్రపోయేవాళ్ల సంఖ్య పెరిగిందంతే. నాలుగు చుక్కల సిట్రిక్ ఆమ్ల ద్రావణం వేసి ఉంటే అది లేచి పనిచేసేది.

కలశం

మల్లెమొగ్గ గారి మొదటి ప్రశ్నకు ఇదీ ఒక జవాబే. పీహెచ్ సర్దకపోతే క్రీము పలచబడవచ్చు, విరిగిపోవచ్చు, అన్నిటికన్నా ముఖ్యంగా బూజు పట్టవచ్చు. బూజు పట్టిన క్రీము కంటి దగ్గర రాసుకోవడం ఎంత ప్రమాదమో వేరే చెప్పాలా? నా వరకు సిట్రిక్ ఆమ్లం, కాస్టిక్ సోడా వాసన, రంగు లేని కాపలాదారులు.

ఇంట్లో చేసేవారికి ఒక్క హెచ్చరిక. కాస్టిక్ సోడాను నీళ్లలో కొద్దికొద్దిగా వేయాలి, దాని మీద నీళ్లు పోయకూడదు, ఒక్కసారిగా మరిగి చిమ్ముతుంది. రక్షణ కళ్లద్దాలు, చేతి తొడుగులు లేకుండా ముట్టుకోవద్దు. క్షారం కంట్లో పడితే ఆమ్లం కన్నా లోతుకు తినేస్తుంది. డబ్బాలోని క్రీము గురించి ఎంత ధైర్యం చెప్పానో, సీసాలోని కాస్టిక్ సోడా గుళికల గురించి అంత భయమూ చెబుతున్నాను.

మల్లెమొగ్గ27

కొలవడం ఎలా? మీరందరూ అంకెలు చెబుతుంటే నా డబ్బాలో అంకె ఎంతో తెలుసుకోవాలనిపిస్తోంది.

సబ్బులగంప

పీహెచ్ కాగితపు పట్టీలు దొరుకుతాయి. 1 నుంచి 14 వరకు ఉన్నవాటితో స్థూలంగానే తెలుస్తుంది, 4 నుంచి 7 వరకు అర అంకె తేడా చూపేవి మేలు. క్రీము ఒక వంతు, స్వేదనజలం తొమ్మిది వంతులు కలిపి ముంచండి. కుళాయి నీళ్లు వద్దు, వాటి పీహెచ్ వాటిది.

తూనికరాయి

నూనె మాత్రమే ఉన్నవాటిని కొలవకండి. నీళ్లు లేని చోట పీహెచ్ అనే మాటకు అర్థం లేదు. తైలానికి, లేపనపు మైనానికి "5.5 పీహెచ్" అని రాసి అమ్మితే నమ్మవద్దు.

మల్లెమొగ్గ27

కొలిచాను. ఇంట్లో ఉన్నవన్నీ కొలిచాను, మా వాళ్లందరూ బల్ల చుట్టూ చేరారు! క్రీము 5.5. సబ్బు నురుగు పట్టీని ముదురు నీలం చేసేసింది, 10 దగ్గర. ఇంకొకటి కూడా కొలిచాను, దాని సంగతి ఇక్కడ చెప్పనే లేదు. రాత్రి క్రీముకు ముందు గ్లైకోలిక్ ఆమ్లం ఉన్న సీరం రాస్తున్నాను, రోజూ. అది 3.5.

చర్మపాఠం

అదీ సంగతి! రోజుకు మూడుసార్లు సబ్బు, రాత్రి ఆమ్లం, ఆ మీద క్రీము. పొర దెబ్బతిన్న చర్మం మీద మంచి క్రీము కూడా మండుతుంది, నింద మాత్రం చివర రాసినదాని మీద పడుతుంది.

సీరం చెడ్డదని కాదు. అమెరికాలో సౌందర్య పదార్థాల భద్రతను సమీక్షించే నిపుణుల బృందం గ్లైకోలిక్, లాక్టిక్ ఆమ్లాలకు సూచించిన హద్దు 10 శాతం లోపు గాఢత, 3.5కు తగ్గని పీహెచ్, దానితోపాటు ఎండ నుంచి రక్షణ. మీది సరిగ్గా అంచున ఉంది. నాలుగు వారాలు సీరం పూర్తిగా ఆపండి. సబ్బు బదులు తక్కువ పీహెచ్ శుభ్రకారి, రోజుకు రెండుసార్లు. అప్పటికీ తగ్గకపోతే వైద్యుల దగ్గరికి వెళ్లి అతుకు పరీక్ష (ప్యాచ్ టెస్ట్: అనుమానమున్న పదార్థాలను చర్మానికి అంటించి చూసేది) చేయించుకోండి. పరిమళ ద్రవ్యమో, నిల్వకారకమో పడకపోయి ఉండవచ్చు.

కలశం

ఆ సీరంలోనూ చివర సోడియం హైడ్రాక్సైడ్ ఉండి ఉంటుంది, చూడండి. గ్లైకోలిక్ ఆమ్లాన్ని నీళ్లలో అలాగే వదిలేస్తే పీహెచ్ 2 కిందికి పోతుంది. దాన్ని 3.5కు ఎత్తి మీ చర్మం కాలకుండా చూసింది అదే.

మల్లెమొగ్గ27

ఉంది! చివరి నుంచి రెండోది.

ఆకుపచ్చదారి

నాలుగు రోజులుగా ఇదంతా చదువుతున్నాను. నిమ్మరసం ఆపాను. కుడి దవడ మీద ఉన్న మచ్చ వయసు వల్ల వచ్చిందనుకున్నాను, ఇప్పుడు చూపించుకోవాలనుకుంటున్నాను. కానీ ఒక విషయంలో నా కోపం తగ్గలేదు. ఇన్ని పేర్లు అచ్చువేసే తయారీదారు ఆ ఒక్క అంకె ఎందుకు అచ్చువేయడు? కాస్టిక్ సోడా అనే పేరు చూపించి, 5.5 అనే అంకె దాచిపెడితే ఎవరైనా భయపడతారు.

నిక్కచ్చి

దీనికి నా పూర్తి మద్దతు. పేరు కన్నా అంకె ముఖ్యమని కలశం గారు, తూనికరాయి గారు ఇంతసేపు చెప్పారు. ఆ అంకె కొనేవాడికి కనపడాలి కదా.

కలశం

తయారీ వైపు నుంచి చెబుతున్నాను, ప్రతి విడతకూ ఆ అంకె కొలిచి రాసుకుంటాం. హద్దు దాటితే ఆ విడత బయటికి పోదు. అడిగితే ఇవ్వడానికి అడ్డేమీ లేదు. అడగండి, అందరూ అడగండి.

మల్లెమొగ్గ27

ఐదు వారాల తరువాత రాస్తున్నాను. సీరం ఆపాను, సబ్బు మార్చాను, క్రీము అదే. మంట కుడి చెంప మీద పూర్తిగా పోయింది. ఎడమ వైపు ముక్కు పక్కన కొంచెం ఉంది, వచ్చే వారం అతుకు పరీక్ష. తయారీదారుకు మళ్లీ రాశాను. ఈసారి "సురక్షితమా" అని అడగలేదు, "విడుదల చేసేటప్పుడు పీహెచ్ హద్దు ఎంత" అని అడిగాను. రెండు రోజుల్లో జవాబు వచ్చింది: 5.2 నుంచి 5.8.

ఎర్రమందారం

ఆ ప్రశ్నను నా ఏడు డబ్బాల తయారీదారులకూ ఈ రాత్రే పంపుతున్నాను. కళ్లకింద జెల్‌తో మొదలుపెడతాను.